తూము తిప్పే పిల్లకు వంతు

అత్తమ్మకు కుడి కంటి శుక్లం తీయించిన వారం నేను కాలేజీకి సెలవు పెట్టాను. ఇబ్రహీంపట్నంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మా ఆయన ఆదిభట్ల దగ్గర విమానాల విడిభాగాలు చేసే కర్మాగారంలో పనిచేస్తారు. పొద్దున కంపెనీ బస్సెక్కితే మళ్లీ సాయంత్రమే. ఇంట్లో మిగిలింది మేమిద్దరం. రెండు గంటలకోసారి కంట్లో చుక్కలు వేయాలి, తల వంచనీయకూడదు, టీవీ పెట్టకూడదు. అన్నిటికంటే కష్టమైనది ఆ చివరిదే. సీరియళ్లు లేని మధ్యాహ్నం ఆమెకు ఎలా గడుస్తుందో తెలియదు, నాకూ తెలియదు.

మూడో రోజు, భోజనాలయ్యాక, నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్న మనిషి ఉన్నట్టుండి అడిగింది.

"గా నోటుబుక్కులల్ల ఎప్పుడు ఏం రాస్తవ్ పిల్లా?"

"ఏం లేదత్తమ్మా. పాఠాలు."

"పాఠాలు రాసుకుంట నవ్వుకుంటవా? నేను సూడలేననుకుంటున్నవ్. జర సదువు. ఇంట."

నాలుగేళ్లుగా నేనొక నవల రాస్తున్నానని మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయనకైనా రాస్తున్నానని తెలుసు, అంతే. చదవమంటే "బాగుంటుందిలే" అనేవారు, చదవకుండానే. స్టాఫ్ రూమ్‌లో ఒకసారి నోరు జారితే ఒక తోటి లెక్చరరు "మాయలూ మంత్రాలూనా? పిల్లల కథలా మేడం?" అని నవ్వాడు. ఆ తర్వాత నోరు మెదపలేదు.

నేను రాస్తున్నది ఎక్కడా లేని ఒక దేశం గురించి. దాని పేరు ఏడుగట్ల సీమ. ఏడు కొండల నడుమ ఒక బల్లపరుపు నేల, అక్కడ బతికే జనం, వాళ్లకు తెలిసిన మంత్రవిద్య. చిన్నప్పటి నుంచీ నాకు ఇలాంటి లోకాలు కట్టుకోవడం అలవాటు. మా అమ్మానాన్నలు తెనాలి వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డవాళ్లు. అద్దె ఇళ్లు మారినప్పుడల్లా బడి మారేది, స్నేహితురాళ్లు మారేవారు. నా లోకం మాత్రం నాతోనే వచ్చేది. ఎం.ఎస్సీ చదివినా, పెళ్లి చేసుకుని ఈ రైతు కుటుంబంలోకి వచ్చినా అది నన్ను వదల్లేదు.

ఆ మధ్యాహ్నం మొదటి అధ్యాయం చదివాను. అందులో ఒక మహామాంత్రికుడు కొండ ముందు నిలబడి ఒక్క మాట పలుకుతాడు. కొండ రెండుగా చీలి దారి ఇస్తుంది. ఆ వాక్యాలు నాకు ఎంతో ఇష్టం.

అత్తమ్మ కదలకుండా విన్నది. తర్వాత అడిగింది.

"గా మాట మల్ల అనచ్చా?"

"అనొచ్చు."

"ఎన్నిసార్లు?"

"ఎన్నిసార్లయినా."

"అలుపు రాదా?"

"రాదత్తమ్మా. ఆయన మహామాంత్రికుడు."

"మరి ఆ దుష్టరాజు ఉన్నడంటివి. గాయినను మొదటి దినమె పట్టుకరావచ్చు గద? ఒక్క మాట అంటె అయిపాయె. ఇన్ని నోటుబుక్కులు ఎందుకు కరాబ్ చేస్తున్నవ్?"

చుక్కల మందు టైమైందని లేచాను. నిజానికి ఇంకా అరగంట ఉంది.

నాకు కోపం వచ్చింది. ఐదో తరగతి దాటని మనిషి, నాగలి, నాట్లు, కలుపు తప్ప ఎరుగని మనిషి నా నాలుగేళ్ల పనిని రెండు ప్రశ్నల్లో పక్కన పెట్టేసింది. అంతకంటే మంట ఏమిటంటే, ఆమె అన్నది నిజం. శక్తి పుట్టదు, గిట్టదు, ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మారుతుందని ఏటా రెండు వందల మంది పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పే నేను, నా దేశంలో మాత్రం ఒకాయన నోటి మాటతో కొండ చీల్చాడని రాశాను. ఆ బలం ఎక్కడిదని నన్ను నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ వారమే మొత్తం తిరగరాయడం మొదలుపెట్టాను. ఈసారి పకడ్బందీగా. ప్రతి మంత్రానికీ ఇంత శక్తి ఖర్చు, ప్రతి మాంత్రికుడికీ ఇంత నిల్వ, దూరాన్ని బట్టి తరుగు. పట్టికలు వేశాను. ఎడమ కంటికి కూడా ఆపరేషన్ అయిన రోజుల్లో దాన్ని గర్వంగా చదివి వినిపించాను. రెండో పేజీలో గురక వినిపించింది. నేను ఆగగానే ఆమె లేచింది.

"అయిపోయిందా?"

"మీరు నిద్రపోయారు."

"మరేం జెయ్యాలె. కథ సదువుతా అని లెక్కల పుస్తకం సదివితివి. ఇంతకుముందు ఆయన అసలు అలసిపోలె. ఇప్పుడు అలసిపోవుడే పనాయె. మనుషులేరి ఇందుల?"

నోటుబుక్కులు బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేశాను. ఇక రాయకూడదనే అనుకున్నాను. మూడు నెలలు రాయలేదు కూడా. అత్తమ్మ కళ్లు బాగయ్యాయి. సూదిలో దారం తనే ఎక్కించుకుంది. సీరియళ్లు మళ్లీ మొదలయ్యాయి. ఆమె కూడా ఆ ఊసు ఎత్తలేదు.

ఆ ఏడు వానలు విడవకుండా పడ్డాయి. నేను పెళ్లయి వచ్చినప్పటి నుంచి చూసిన ఊరి పెద్ద చెరువు అంటే తుమ్మచెట్లు, మేకలు, మధ్యలో ఎక్కడో కాస్త నీటి మెరుపు. అలాంటి చెరువు నెమ్మదిగా నిండుతూ వచ్చింది. ఒక ఆదివారం మా ఆయన బయటి నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే అన్నారు.

"అమ్మా, మత్తడి దుంకుతున్నదట!"

చెరువు నిండి పొర్లే చోటును ఇక్కడ మత్తడి అంటారు. అది దుంకడం చూసి ఎన్నేళ్లయిందో అత్తమ్మ లెక్కపెట్టుకుంటున్నట్టనిపించింది. తర్వాత లేచి మంచి చీర కట్టుకుంది, పెళ్లికి వెళ్తున్నట్టు.

కట్ట మీద జాతరలా ఉంది జనం. ఫోన్లు ఎత్తిపట్టుకున్న పడుచువాళ్లు, మక్క కంకులు కాలుస్తున్న ఆడవాళ్లు, తాడు కట్టి అటు పోవద్దంటున్న పోలీసులు. నీళ్లు రాళ్ల మీదుగా తెల్లగా దూకుతున్నాయి. నేను నీళ్లను చూస్తున్నాను. అత్తమ్మ మాత్రం అటు వీపు పెట్టి, కట్టకు కింది వైపు చూస్తోంది. అక్కడ ఇప్పుడు ప్లాట్లు, ప్రహరీలు, రెండంతస్తుల ఇళ్లు. ఆమె మాత్రం వాటిలో మడులు వెతుక్కుంటోంది.

"గా నీలం ఇల్లు కనవడ్తుందా? గదే మన కొస మడి. తూము నుంచి ఆడికి నీళ్లు పోవాలంటె ఒక పూట పట్టేది."

తూమంటే కట్ట అడుగున నీళ్లు వదిలే రంధ్రం అని నాకు అప్పటికి తెలుసు. అంతకంటే తెలియదు. మాటల్లో పెట్టడానికి అడిగాను.

"అంత దూరం పోవాలంటే నీళ్లు దారిలోనే అయిపోవా అత్తమ్మా? ముందు దగ్గరి మడులకు పెట్టుకోవచ్చుగా?"

ఆమె నా వైపు తిరిగి, నిజంగానే జాలిపడింది.

"మీరు కాల్వ కింద పుట్టినోళ్లు. మీకెట్ల ఎర్కైతది. ఎన్నడు జూసినా కాల్వల నీళ్లు వస్తనే ఉంటయ్ మీకు. మాది చెరువు కింది బతుకు. ఉన్నయే గన్ని."

అవును, మా తాతలది డెల్టా. కాలువలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో, ఎవరి నోటి దగ్గర ఆగి వస్తాయో మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోగా వినలేదు. అందుకేనేమో, నా మాంత్రికుడికీ అలుపు లేదు.

అత్తమ్మ తన అరచేయి నా ముందు చాపింది. మణికట్టు దగ్గర వేలు పెట్టి "గిది తూము" అంది. అరచేతిలో గీతల వెంట వేలు నడిపి "గివి కాల్వలు" అంది. చిటికెన వేలి కొస పట్టుకుని చెప్పింది.

"నేను కొత్తగ కాపురానికొచ్చిన ఏడు కరువు. చెరువుల మూడు తడులకు సరిపోయె నీళ్లున్నయ్. పెద్దమనుషులు గీ కట్ట మీదనే కూసున్నరు. ముందు కొస మడికి ఇయ్యాలె అన్నరు. తర్వాత దాని మీది మడికి. గట్ల మీదికి మీదికి రావాలె. తూము పక్కన మడి ఉన్నోని వంతు అందరికన్న ఆఖరుకు."

"దూరం వాళ్లు పాపం అనా?"

"పాపం గీపం కాదు. బుద్ధి. ముందు దగ్గరోనికి ఇస్తె ఆయన పారిచ్చుకొని ఇంటికి పోయి పండుకుంటడు. కింద కాల్వ తెగినా, ఎవడన్న గండి గొట్టినా ఆయనకేం ఫికర్? గదే కొసకు ముందు ఇస్తె, కొస పారేదాంక పైనోని వంతు రాదు. అందుకని పైనోడే కాల్వ సాఫ్ చేస్తడు, పైనోడే కావలి ఉంటడు. ఊరంత కలిసి కొస మడిని పారిస్తది."

నేను ఆమె అరచేతి వంకే చూస్తూ ఉండిపోయాను. పట్టికలు, తరుగులు, నిల్వలు వేసి వారాల తరబడి కొట్టుకున్నాను నేను. ఈమె ఒక్క వాక్యంలో బలవంతుడిని బలహీనుడికి కావలి పెట్టింది.

"ఎవరూ దొంగతనం చేయలేదా?"

"ఎందుకు చెయ్యలె? మా మామనే చేసిండు. పటేలును నన్నెవరడుగుతరని ఒక పొద్దున తూము పక్కనున్న మన మడికి గండి గొట్టిండు. అడిగిన్రు. ఎండకాలం చెరువుల ఒక్కడే పూడిక మట్టి తవ్వి మోసిండు, తట్టల నెత్తిన వెట్టుకొని. నేను సద్ది తీస్కపోయిన." ఆమె నవ్వింది. "ఇంట్ల ఎవరు మాట్లాడలె. గని నాకు మంచిగనిపిచ్చింది."

ఆ రోజు ఇంటికి రాగానే బీరువా తీశాను.

ఈసారి కొండ చీల్చే మహామాంత్రికుడు లేడు. ఏడుగట్ల సీమ నడుమ ఒక చెరువు పెట్టాను. అందులో ఉండేవి నీళ్లు కావు, మంత్రబలం. ఆ జనం దాన్ని తడి అంటారు. మబ్బుల కాలంలో అది నిండుతుంది, ఎంత నిండితే ఏడాదికంతా అంతే. ఎవరికీ పుట్టుకతో మంత్రం రాదు, అందరివీ పొడి చేతులే. తూము తెరిచి వంతు ప్రకారం వదిలినప్పుడే చేతికి తడి అందుతుంది. ఆ తడితో జ్వరం దించవచ్చు, పగిలిన కుండ అతికించవచ్చు, ఎండిన చెట్టును చిగురింపజేయవచ్చు. మొదటి వంతు కొసన ఉన్న ఊరిది. కొస ఊరి చేతులు తడిసేదాకా కోటలో రాజుగారి చేతులు పొడిగానే ఉంటాయి. అందుకే రాజుగారి సైనికులు కొస ఊరి కాలువకు కావలి కాస్తారు.

తర్వాత మధ్యాహ్నాలన్నీ మావే. నేను కాలేజీ నుంచి మూడున్నరకు వచ్చేసరికి అత్తమ్మ టీ పెట్టి ఉంచేది. సీరియల్ మోత తగ్గించి "ఏడిదాంక వచ్చింది?" అనేది. నేను చదివేదాన్ని, ఆమె అడ్డం పడేది.

"వంతు దాటినంక కూడ చేతుల తడి దాసుకుంటె ఏమైతది?" అని ఆమే అడిగింది ఒకరోజు.

"శిక్ష వేస్తారు."

"ఎవరేస్తరు? ఎవ్వలు సూడకపోతె? గట్ల కాదు. నిలవున్న నీళ్లల్ల ఏమైతది?"

"నాచు పడుతుంది."

"అవ్ మరి."

అలా నా దేశంలో తడి దాచుకున్న వాళ్ల అరచేతుల్లో పచ్చగా నాచు మొలవడం మొదలైంది. ఎంత గోకినా పోదు. పెద్దవాళ్లు చేతులు వెనక్కి పెట్టుకుని నడవడం, చేతులకు పట్టుగుడ్డలు చుట్టుకోవడం, చివరికి కోటలో చేతిగుడ్డలు ఒక మర్యాద కావడం, ఇవన్నీ దాని వెంట తమంతట తామే వచ్చాయి. ప్రతి మంత్రమూ కొంత పూడికను వదులుతుందని, అది చెరువు అడుగున చేరుతుందని, ఎండాకాలం అందరూ దిగి తీయకపోతే మరుసటేడు చెరువు అంత తక్కువ నిండుతుందని కూడా ఆమె పెట్టిన నియమమే. "మీరు మామూలోళ్లు కాదత్తమ్మా" అన్నానొకసారి. "నేనేం జేసిన, చెరువు ఎట్లుంటదో చెప్పిన" అంది, కానీ ఆ సాయంత్రం ఫోనులో కోహెడలో ఉన్న తన చెల్లెలితో అరగంట మాట్లాడింది. "నాచు నేనే పెట్టిచ్చిన" అనడం వంటింట్లోకి వినబడింది.

కథ నడిపేది ఒక పదిహేడేళ్ల పిల్ల. తూము తిప్పడం ఆమె పని. ఎవరి వంతు ఎప్పుడో ఆమెకే తెలుసు. రాజుగారు బెదిరించినా, సొంత మేనమామ బతిమాలినా ఒక్క వంతు కూడా ముందుకు జరపదు. వాళ్లమ్మ జబ్బుతో పోతున్నప్పుడు కూడా తూము దగ్గరే నిలబడి, కొస ఊరికి తడి వదులుతుంది. ఆ అధ్యాయం రాస్తూ నేను ఏడ్చాను. చదువుతుంటే అత్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆపరేషన్ అయిన కళ్లు కదా, ఏడవద్దని నేనే ఆపాల్సి వచ్చింది.

నగరంలో ఒక చిన్న ప్రచురణ సంస్థ పుస్తకం వేసింది. అంకితం పేజీలో "చెరువు ఎట్లుంటదో చెప్పిన అత్తమ్మకు" అని రాశాను. ఆమె ఆ పేజీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. పుస్తకాన్ని దేవుడి గూట్లో కాకుండా టీవీ పక్కన, వచ్చిన వాళ్లందరికీ కనబడే చోట పెట్టింది.

పుస్తకం గొప్పగా ఏమీ పోలేదు. కానీ మా కాలేజీ పిల్లలు చదివారు. వరండాలో వాళ్లు వాదించుకోవడం నేను విన్నాను. "ఆమె వంతు మారిస్తె తప్పు గాకుండె, సచ్చిపోయేటోళ్లకు వంతేంది?" అని ఒకడు, "ఒకపారి మారిస్తె ఇగ ఆగదు" అని ఇంకొకరు. నేను పాఠం చెప్పేటప్పుడు కూడా వాళ్లు అంత గట్టిగా వాదించుకోలేదు ఎప్పుడూ. లైబ్రరీ చూసే మేడం ఒక శనివారం మధ్యాహ్నం పుస్తకం మీద మాట్లాడుకుందామని పిలిచారు. అత్తమ్మను కూడా తీసుకురమ్మన్నారు. ఆమె మళ్లీ మంచి చీర కట్టింది.

అరవై మంది దాకా వచ్చారు. నేను బోర్డు మీద తడి నియమాలు రాసి వివరించాను. అత్తమ్మ ముందు వరుసలో, ప్రిన్సిపాల్ పక్కన కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక అయిపోయిందనుకుంటుండగా రెండో సంవత్సరం పిల్ల ఒకతి లేచింది. రావిర్యాల వైపు నుంచి బస్సులో వస్తుంది, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పదు. పుస్తకంలో వేలు పెట్టుకుని ఉంది.

"మేడం, తూము తిప్పే ఆమెకు వంతు ఎప్పుడొస్తది?"

"అంటే?"

"కొస ఊరికి వంతు ఉన్నది. రాజుకున్నది. చేతులల్ల నాచు పట్టినోళ్లకు కూడ ఉన్నది. ఈమెకు లేదు. పుస్తకం మొత్తం సూసిన. ఒక్కపారి కూడ ఈమె చేతులు తడువయి."

నాకు వెంటనే అర్థం కాలేదు. "అది ఆమె త్యాగం కదమ్మా" అన్నాను. "వాళ్లమ్మ పోతున్నా తనకోసం తూము తిప్పుకోదు."

"మీరు త్యాగమని రాసిన్రు మేడం. ఉన్న వంతు ఇడిస్తె త్యాగం. ఈమెకు అసలు వంతే లేదు." ఆ పిల్ల ఆగలేదు. "మా తాత మా ఊర్ల నీరటి. తూము తిప్పేటాయన. ఊరందరి మడులు పారిచ్చిండు. మాకు మడి లేకుండె. అందుకని అడుగుతున్న."

నేను ఏడ్చి ఏడ్చి రాసిన అధ్యాయంలో నేను చూడనిది ఈ పిల్ల వేలు పెట్టి చూపించింది. ఏదో చెప్పబోయాను. అంతలో ముందు వరుసలో కుర్చీ చప్పుడైంది. అత్తమ్మ లేచి నిలబడింది. మాట్లాడమని ఆమెనెవరూ అడగలేదు.

ఆమె నా వైపు చూడలేదు. వెనక్కి తిరిగి ఆ పిల్లతోనే మాట్లాడింది.

"బిడ్డా, నువ్వన్నది నిజం. మా ఊర్ల కూడ నీరటి ఉండె. వానల, సలిల, తూముల దిగి తిప్పెటోడు. ఎవరి వంతు ఎప్పుడో కాయిదం లేకుంట నోటికి చెప్పెటోడు. పంట వచ్చినంక అందరం గిన్ని గింజలు కొలిచి పోసెటోళ్లం. మడి మాత్రం ఇయ్యలె. ఇయ్యాలని ఎవ్వలు అనలె. పెద్దమనుషులు అనలె, మా మామ అనలె, నేను అనలె."

చూడకుండానే నా వైపు చేయి చూపింది.

"ఈమెకు అన్ని చెప్పిన నేను. కొస మడి చెప్పిన, గండి చెప్పిన, పూడిక చెప్పిన. నీరటి ముచ్చట చెప్పలె. యాదికి రాక గాదు. చెప్పబుద్ధి గాలె."

ఆమెకు డెబ్బై దాటాయి. ఇబ్రహీంపట్నంలో మా ఇంటి పేరు తెలియని వాళ్లు తక్కువ. అరవై మంది ముందు, ప్రిన్సిపాల్ పక్కన నిలబడి, ఆ మాట అనాల్సిన అవసరం ఆమెకు ఏమీ లేదు. నేను ఆ మనిషి కోడలినని నాకు ఆ రోజు కలిగిన గర్వం, పుస్తకం చేతికందిన రోజు కలగలేదు.

"ఇగ రాయి" అని అప్పుడు నా వైపు తిరిగింది. "తూము తిప్పినోళ్లకు మొదలు ఒక చెంబెడు తడి."

నేను చాక్‌పీసు అందుకున్నాను. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది.

"చెంబు వద్దమ్మా" అంది మెల్లగా. "చెంబంటె గింజలు పోసినట్టే. వంతు గావాలె. అందరి లెక్కనే."

ఎవరో దగ్గారు. ప్రిన్సిపాల్ గారు ఏదో సర్దిచెప్పబోయారు. అత్తమ్మ చేయి అడ్డం పెట్టి ఆపింది. ఆలోచించింది. నియమం పెట్టేముందు మధ్యాహ్నాల్లో ఆమె ముఖం ఎలా ఉండేదో అలాగే ఉంది.

"అవ్" అంది. "వంతే. చెంబు కొట్టెయ్యి."

నేను బోర్డు మీద చెంబును కొట్టేసి వంతు అని రాశాను. పిల్లలు ఈసారి చప్పట్లు కొట్టిన తీరు వేరు. బయటికి వచ్చేటప్పుడు అత్తమ్మ ఆ పిల్ల భుజం మీద చేయి వేసి నడిచింది. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. గేటు దగ్గర ఆమె మాత్రం "ఆదివారం ఇంటికి రమ్మన్న" అని నాతో చెప్పింది.

ఆ పిల్ల వచ్చింది. తర్వాతి ఆదివారం కూడా వచ్చింది. ఇప్పుడు రెండో భాగం రాస్తున్నాం. నేను 'రాస్తున్నాం' అనే అంటాను, ప్రచురణకర్త ఎన్నిసార్లు సరిదిద్దినా. అత్తమ్మది సోఫా. ఆ పిల్ల కింద చాప మీద కూర్చోబోతే అత్తమ్మ ఒప్పుకోదు, పక్కనే కూర్చోబెట్టుకుంటుంది. నేను ఎదురుగా కుర్చీలో. రెండో భాగంలో మొదటి పెద్ద గొడవ తూము తిప్పే పిల్ల వంతు గురించే. ఏడు ఊళ్ల పంచాయతీ కూర్చుని ఆమెకు వంతు ఒప్పుకోవడానికి నాకు నలభై పేజీలు పట్టింది. రాజుగారు ఒప్పుకోవడం సులువుగానే జరిగింది. కొస ఊరి వాళ్లే చాలా సతాయించారు. ఆ సంగతి నాకు ఆ పిల్లే చెప్పింది. "తూము తిప్పినామెకు ఇయ్యమంటె, తమ వంతు జరుగుతదని ముందు వంతు అందుకున్న కొస ఊరోళ్లే అడ్డం పడ్తరు మేడం, సూడున్రి" అంది. రాసి చూస్తే నిజమే అనిపించింది.

చివరికి తూము తిప్పే పిల్ల వంతు వచ్చిన అధ్యాయం. మొదటిసారి ఆమె చేతులు తడుస్తాయి. ఆ తడితో ఆమె ఏం చేస్తుంది? నేను మూడు విధాలుగా రాశాను. ఒకదాంట్లో తల్లి సమాధి మీద పూలు పూయిస్తుంది. ఒకదాంట్లో ఎండిన ఊరిని బతికిస్తుంది. మూడోదాంట్లో తన వంతును ఒక ముసలామెకు ఇచ్చేస్తుంది. ముగ్గురం కూర్చున్న ఆదివారం మూడూ చదివాను.

అత్తమ్మకు పూలది నచ్చింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"మల్ల అందరి కోసమే జేపిస్తున్నరు మేడం ఆమెతోని."

"మరి ఏం చేయించమంటావు?"

"ఏమో. ఆమె ఇష్టం. తడి తీస్కోని కట్ట దిగి ఇంటికి పోవాలె. తలుపు ఏసుకోవాలె. లోపల ఏం జేసిందో మీరు రాయద్దు. రాజు వంతుల రాజు ఏం జేసిండో పుస్తకంల ఎవరన్న అడిగిన్రా?"

నేను అత్తమ్మ వైపు చూశాను. పూల అధ్యాయం కోసం వాదిస్తుందేమో అనుకున్నాను. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

"గది సరైంది" అంది. "ఎవరి మడిల ఎవరు ఏమేసుకుంటరో నీరటి ఏనాడన్న అడిగిండా? తూము తిప్పిండు, పోయిండు. ఈమెను మనమెందుకు అడుగుడు?"

మూడు ముగింపులూ పక్కన పెట్టేశాను. ఇప్పుడు ఆ అధ్యాయం ఒకటిన్నర పేజీ. పిల్ల తన తూమును తనే తిప్పుకుంటుంది, రెండు చేతులూ తడుపుకుంటుంది, కట్ట దిగి నడుస్తుంది. దారిలో ఎవరో పలకరిస్తే తల ఊపుతుంది. తలుపు వేసుకుంటుంది. మర్నాడు పొద్దున మామూలుగా తూము దగ్గరికి వస్తుంది.

నేను రాసిన వాటన్నిటిలో నాకు చాలా గర్వంగా ఉన్న పేజీలు అవే. నిన్న వాటిని టైపు చేసి పంపించాను. సంపాదకుడు ఫోన్ చేసి, ఇంతకీ ఆమె లోపల ఏం చేసింది మేడం అని అడిగాడు. స్పీకర్ పెట్టి ఉంది. పక్కన చిక్కుడుకాయలు వలుస్తున్న అత్తమ్మ నాకంటే ముందే జవాబు చెప్పింది.

"నీకెందుకు నాయినా."